అర మార్కు కోత

జూన్ 4

ఒరేయ్ తమ్ముడూ,

నీ మార్కుల కాగితం చేరింది. లెక్కలు పాసు, సైన్సు పాసు, సాంఘికం కూడా ఎలాగో గట్టెక్కావు. తెలుగు మాత్రం మూడు మార్కుల్లో పోయింది. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి తెలుగు చెప్పి రిటైరైన దాని సొంత తమ్ముడు తెలుగులో తప్పడం, అదీ రెండోసారి! మా పాత స్టాఫ్‌రూములో తెలిస్తే నా పెన్షన్ ఆపేయమని అర్జీ పెడతారు. మీ బావగారికి చెప్తే నవ్వలేదు కానీ పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పేపరు చాలాసేపు వణికింది.

ఎక్కడ పోయిందో నువ్వే రాశావు. అలంకారాల ప్రశ్న, పన్నెండు మార్కులు, నువ్వు ముట్టుకోలేదు. నలభై ఏడేళ్ళ మనిషివి, అంతెత్తు భవనాల్లో లిఫ్టులు బాగుచేసేవాడివి, ఉపమాలంకారాన్ని చూసి జడుసుకుంటావా?

సూపర్‌వైజరు కుర్చీ కావాలంటే పదో తరగతి సర్టిఫికెట్ చూపించమని మీ కంపెనీవాళ్ళు అన్నారన్నావు. పరీక్ష ఆగస్టు ఇరవైన. అంటే పదకొండు వారాలు. కాబట్టి ఇవీ నా షరతులు. ఫోన్లు బంద్. ఫోన్లో నేను చెప్పుకుంటూ పోతాను, నువ్వు "ఆఁ, ఆఁ" అంటూ కునుకు తీస్తావు. పరీక్ష రాసేది చేత్తో, నోటితో కాదు. అందుకని ఉత్తరాలు రాయి. వాటిని ఎర్ర సిరాతో దిద్ది, మార్కులు వేసి, నా ఉత్తరంతో పాటు తిప్పి పంపుతాను. రిటైరైన రోజు స్టాఫ్‌రూము నుంచి ఓ ఎర్ర సిరా సీసా తెచ్చుకున్నాను. తెచ్చుకున్నాననే అంటాను, ఇంకో మాట వాడను.

మొదటి పాఠం. "మీ బావగారు పిల్లిలా నడుస్తారు." ఇది ఉపమ. మీ బావగారు ఉపమేయం, అంటే మనం ఎవరి గురించి చెప్తున్నామో ఆయన. పిల్లి ఉపమానం, అంటే దేనితో పోలుస్తున్నామో అది. చప్పుడు లేని నడక ఇద్దరికీ ఉంది కనుక అది సమానధర్మం. "లా" అన్న ముక్క ఉపమావాచకం. ఆ "లా" తీసేసి, ఇద్దరికీ తేడా లేదన్నట్టు "మీ బావగారు పిల్లే" అంటే రూపకం. ఉన్నదాన్ని మించి గొప్పగా చెప్తే అతిశయోక్తి. ఈ మూడింటికీ నీ ఇంట్లోంచి, నీ పనిలోంచి ఉదాహరణలు రాయి. చంద్రుడూ పద్మమూ కనిపించాయా, సున్నా.

మీ అక్క
(అక్షరాలు గుండ్రంగా రాయి. చిన్నప్పుడు నేను దిద్దించినవే కదా.)


జూన్ 12

అక్కా,

నమస్కారాలు. నేను ఉత్తరం రాసి పాతికేళ్ళు దాటింది. చివరిది మా ఆవిడకి, పెళ్ళికి ముందు. దాన్ని ఆవిడ ఇంకా దాచింది. నా మీద కోపం వచ్చినప్పుడల్లా తీసి, పైకి చదువుతుంది.

పాఠం నాలుగుసార్లు చదివాను, ఎక్కలేదు. ఐదోసారి పనిలో కూర్చుని చదివితే ఎక్కింది. ఉపమేయం అంటే క్యాబిన్, మనుషులు ఎక్కేది. ఉపమానం అంటే అటువైపు వేలాడే బరువు, క్యాబిన్ పైకి పోతే అది కిందికొస్తుంది. రెండింటినీ కలిపే తాడు సమానధర్మం. పైన కప్పీ ఉంటుందే, అది నీ "లా". నాలుగూ సరిగ్గా ఉంటేనే లిఫ్టు కదులుతుంది. ఇంత సులువైనదానికి ఇన్ని పెద్ద పేర్లు ఎందుకు పెట్టారో మీ తెలుగు మాస్టర్లు. మా పొడుగాయనకి చెప్తే, "నువ్వు టీచరు పోస్టుకి పెట్టు, సూపర్‌వైజరు ఎందుకు" అన్నాడు. పొడుగాయనంటే నాతో జంటగా పనిచేసే మెకానిక్. ఇరవై రెండేళ్ళుగా ఆయన పైన ఉంటే నేను కింద, నేను పైన ఉంటే ఆయన కింద.

ఇవీ నా వాక్యాలు. ఏది ఏ అలంకారమో రాయలేదు, నువ్వే కనిపెట్టు. నీకూ పరీక్ష ఉండాలిగా.

మా ఇన్‌చార్జి కొత్త చెప్పులా కరుస్తాడు.
నా పొట్ట నాకన్నా రెండు నిమిషాలు ముందే ఇంటికి చేరుతుంది.
మా ఆవిడ పదిహేను రోజులుగా నాకు భోజనం పెట్టడం లేదు, టీ నీళ్ళతో బతుకుతున్నాను.
నా ఇల్లు ఒక జైలు.

నీ తమ్ముడు


జూన్ 19

ఒరేయ్,

మొదటి రెండు వాక్యాలకి మార్కులు వేశాను, చూసుకో. మూడో వాక్యం దగ్గర పెన్ను కిందపడింది. పదిహేను రోజులా! ఇంత జరుగుతుంటే నాకు ఒక్క ముక్క చెప్పవా? జైలట, జైలు! నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మీ బావగారు "ఆగు, ఆగు" అంటూనే ఉన్నారు. ఆయన పెళ్ళైన రోజు నుంచీ ఆగు అంటూనే ఉన్నారు.

మరదలికి విడిగా నాలుగు పేజీలు రాశాను. కోప్పడలేదు, పెద్దదాన్ని కనుక మంచిమాటలే చెప్పాను. ఇదే కవరులో పెట్టాను. నువ్వు చదవకుండా తీసుకెళ్ళి ఇవ్వు. ఇచ్చేటప్పుడు కాస్త దూరంగా నిలబడు.

నీ అక్క


జూన్ 28

అక్కా,

దూరంగానే నిలబడ్డాను. సరిపోలేదు.

నువ్వు చదవద్దన్నావని నేను చదవలేదు. ఆవిడే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నాలుగు పేజీలూ పైకి చదివింది. "మొగుడి ఆకలి తెలియని ఇల్లు ఇల్లేనా అమ్మాయ్" అన్న చోట ఆగి, నావైపు చూసి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఆ వాక్యం అతిశయోక్తికి ఉదాహరణని, మార్కుల కోసం రాశానని, దండం పెట్టి మరీ చెప్పాను. "అయితే నన్ను బజారుకీడిస్తే మీకు రెండు మార్కులన్నమాట" అంది.

తర్వాత నాలుగు రోజులు నిజంగానే భోజనం పెట్టలేదు. అంటే నా అతిశయోక్తి ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు అయింది. దీనికి మీ పుస్తకంలో ఏదైనా పేరుందా? ఉంటే చెప్పు, నోట్సు రాసుకుంటాను. ఐదో రోజు పళ్ళెం పెట్టి, "వదినగారికి రాయండి, ఇవాళ రెండోసారి కూడా వడ్డించానని" అంది. రాస్తున్నాను. రెండోసారి కూడా వడ్డించింది.

ఇల్లు జైలన్నది రూపకం అక్కా. జైల్లో ఇంత కచ్చితంగా తిట్టేవాళ్ళు ఉండరు.

నీ తమ్ముడు
(వేరే సంగతొకటి రాద్దామనుకున్నాను. ఈ గొడవలో కాగితం అయిపోయింది.)


జూలై 4

తమ్ముడూ,

సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను. ముప్పై నాలుగేళ్ళు అతిశయోక్తి పాఠం చెప్పినదాన్ని, అతిశయోక్తి ఎదురుగా వచ్చి నిలబడితే గుర్తుపట్టలేదు. మీ బావగారు ఈసారి పేపరు అడ్డం పెట్టుకోవడం కూడా మానేశారు, మొహం మీదే నవ్వుతున్నారు. మరదలికి క్షమాపణ చెప్తూ ఇంకో ఉత్తరం రాశాను. ఇది ఒక్క పేజీయే. కాస్త దగ్గరగా నిలబడే ఇవ్వచ్చు.

రిటైరయ్యాక నా బుద్ధి ఇలా అయిందిరా. దిద్దడానికి ఏమీ లేక, నెల క్రితం మీ బావగారి బజారు చీటీ దిద్దాను. "సబ్బులు 3" అన్నచోట "అంకెలు అక్షరాల్లో రాయవలెను" అని రాశాను. మొన్న మందుల షాపు బోర్డు మీద ఒత్తు తప్పుంటే లోపలికెళ్ళి చెప్పాను. ఆయన వినయంగా విని, నాకేదో బలం మందు చూపించాడు.

అందుకని కొత్త షరతు. ఇకమీదట నువ్వు రాసే ఏ వాక్యాన్నీ నేను నమ్మను. నీ కొంప కాలిందని రాసినా, ముందు అది ఏ అలంకారమో చూస్తాను, మార్కు వేస్తాను, అంతే. ఇంకోసారి నన్ను ఆటపట్టించలేవు.

ఇవాళ రెండు పాఠాలు. విరోధాభాస: పైకి రెండు మాటలు ఒకదానికొకటి పొసగనట్టు ఉండాలి, కాస్త ఆలోచిస్తే లోపల అర్థం కుదిరి విరోధం పోవాలి. స్వభావోక్తి: ఉన్నది ఉన్నట్టు, చదివేవాళ్ళకి కళ్ళకు కట్టేట్టు చెప్పడం. పోలికలు లేవు, గొప్పలు లేవు. వినడానికి ఇదే అన్నిటికన్నా తేలికనిపిస్తుంది, పిల్లలు ఎక్కువ తప్పేది ఇక్కడే. మాట పక్కకి పోకుండా చెప్పడం ఎవరికీ చేతకాదు. అతిశయోక్తి కూడా ఇంకోసారి రాయి.

మీ అక్క


జూలై 13

అక్కా,

నువ్వు నమ్మనని రాశాక నాకు రాయడం తేలికైంది. ఈ వారం బాగా చదివాను. ఇవి చూడు.

విరోధాభాస. నేను లిఫ్టు మెకానిక్‌ని, రెండు నెలలుగా మా ఇంటికి ఏడంతస్తులూ మెట్లెక్కి వెళ్తున్నాను.

అతిశయోక్తి. క్యాబిన్ పైకప్పు మీద కాలు పెట్టాలంటే నా మోకాళ్ళు నీళ్ళయిపోతాయి.

స్వభావోక్తి. ఇది కొంచెం పొడుగు. మే నెల పద్నాలుగున మధ్యాహ్నం, పదకొండో అంతస్తు దగ్గర, క్యాబిన్ పైకప్పు మీద కూర్చుని పట్టాలకి గ్రీజు రాస్తున్నాను. పొడుగాయన పైన మోటారు గదిలో ఉన్నాడు. బ్రేకు జారింది. నా కింద ఉన్నది కిందికి పోయింది, దానితో నేనూ పోయాను. గోడ మీద అంకెలు ఉంటాయి, పది కనబడింది, తొమ్మిది కనబడింది. అప్పుడు క్యాబిన్ అడుగున ప్రమాదానికని ఉండే ఇనప పట్టు పట్టాలని కరిచి పట్టుకుంది, ఆగింది. గ్రీజు డబ్బా కింద పడిన చప్పుడు చాలాసేపటికి వినబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేను బయటికొచ్చి, "రెండంతస్తులు టికెట్ లేకుండా తిరిగొచ్చాను" అని అందరినీ నవ్వించి, టీ తాగాను. రెండోరోజు మళ్ళీ ఎక్కబోతే కాళ్ళు రాలేదు. అప్పటి నుంచి పైకప్పు మీది పనంతా పొడుగాయనే చేస్తున్నాడు, రిజిస్టరులో నా పేరు రాస్తున్నాడు. ఆగస్టు ముప్పై ఒకటిన ఆయన రిటైరు. సూపర్‌వైజరు కుర్చీ నేలమీద ఉంటుంది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఈ చివరి వాక్యం ఏ అలంకారమో తెలియలేదు.

మార్కులు వెయ్యి.

తమ్ముడు


జూలై 20

ఒరేయ్ తమ్ముడూ!

భేష్! ఎర్ర సిరా ఈసారి మెచ్చుకోళ్ళకే సగం అయిపోయింది. ఇంత బాగా అబద్ధమాడగలవని నాకు తెలియదురా. మీ బావగారికి పైకి చదివి వినిపించాను. వాక్యాలన్నీ నా నోటుబుక్కులోకి ఎక్కించాను, "ఉత్తమ ఉదాహరణలు" అని శీర్షిక పెట్టి.

అయినా మొహమాటం లేకుండా దిద్దాను.

విరోధాభాసకి రెండుకి ఒకటిన్నర. లిఫ్టు మెకానిక్ మెట్లెక్కడంలో విరోధం భలే ఉంది. మరి లోపలి అర్థమేది? ఎందుకు ఎక్కుతున్నాడు? అది చెప్పకపోతే వట్టి వింతే అవుతుంది కానీ అలంకారం కాదు. అర మార్కు కోత.

అతిశయోక్తికి ఒకటి. మోకాళ్ళు నీళ్ళవడం అరిగిపోయిన మాట.

స్వభావోక్తికి సున్నా. ఏడవకు, కారణం విను. వర్ణన అద్భుతం, ఆ గ్రీజు డబ్బా దగ్గర నాకు ఒళ్ళు ఝల్లుమంది. కానీ స్వభావోక్తి అంటే ఉన్నది. ఇది నువ్వు కల్పించింది. కల్పనని స్వభావోక్తి అంటే పరీక్షాధికారి ఒప్పుకోడు. నీ ఎత్తు నాకు తెలియదనుకున్నావా? ఇది చదివి నేను గుండెలు బాదుకుంటూ మళ్ళీ మరదలికి నాలుగు పేజీలు రాస్తాననుకున్నావు, నువ్వూ ఆ పొడుగాయనా కూర్చుని నవ్వుకుందామనుకున్నారు. ఒకసారి పడ్డాను, రెండోసారి పడతానా?

చివరి వాక్యం అలంకారం కాదు. కొట్టేశాను.

గర్వంతో,
మీ అక్క


జూలై 29

అక్కా,

దిద్దిన ఉత్తరం చేరింది. స్వభావోక్తి నాకు రాదనుకుంటా. రాసినా తప్పంటున్నారు. ఈసారి పరీక్షకి కూర్చోవాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

అర మార్కు సంగతి కూడా ఆలోచిస్తాను.

తమ్ముడు


ఆగస్టు 5

నాన్నా,

ఈ ఉత్తరంలో ఎర్ర సిరా లేదు. సీసాకి మూత బిగించి అటక మీద పెట్టించాను.

నీ మూడు ముక్కల ఉత్తరం వచ్చినప్పుడు నాకు ఒళ్ళు మండింది. సున్నా వేశానని అలిగావనుకున్నాను. ఇంత బాగా రాసేవాడికి ఈ అలకేమిటండీ అని, నోటుబుక్కు తీసి నీ వాక్యాలు మళ్ళీ మీ బావగారికి వినిపించాను. ఆయన కుర్చీ కాలుకి మేకు కొడుతున్నారు. అంతా విని అడిగారు, "ఆ పొడుగాయన రిటైరయ్యాక పైకప్పు మీదికి ఎవరెక్కుతారు?"

"ఉదాహరణండీ అది" అన్నాను.

"ఉదాహరణలో రిటైర్మెంటు తేదీ దేనికి?" అన్నారు.

అంతే, మళ్ళీ మేకు కొట్టుకున్నారు. నేను నిలబడ్డచోటే కూర్చుండిపోయాను. ఆ కుర్చీలో కాదు, దానికి మూడు కాళ్ళే ఉన్నాయి. నేలమీద.

మే పద్నాలుగు. పదకొండో అంతస్తు. పది, తొమ్మిది. ఆగస్టు ముప్పై ఒకటి. కల్పించేవాడు ఇన్ని అంకెలు రాయడు. వేలమంది పిల్లలకి చెప్పానురా, స్వభావోక్తిని అది చూపించే వివరాన్ని బట్టి పట్టుకోవాలని. అన్నం పెట్టలేదన్న అబద్ధానికి నాలుగు పేజీలు రాశాను. నువ్వు పడిపోయిన నిజానికి సున్నా వేశాను. పైగా "భేష్" అన్నాను. "ఇంట్లో ఎవరికీ చెప్పలేదు" అన్న వాక్యాన్ని కొట్టేశాను. ఆ గీత నా చేత్తోనే, స్కేలు పెట్టి మరీ గీశాను. నాకంటే మొద్దు ఇంకోటి లేదు.

ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను. ఫోన్లో ఏడుస్తాను, నువ్వు నన్ను ఓదార్చి, జోకు వేసి, పెట్టేస్తావు. చిన్నప్పటి నుంచీ నీ పని అదే. సైకిలు మీంచి పడి మోచెయ్యి విరిగితే "చెయ్యి రెండు మడతలకి కూడా వంగుతోంది చూడక్కా" అని నన్ను నవ్వించావు. అప్పుడూ నేను నవ్వాను, మోచెయ్యి చూసింది అమ్మే.

ఇప్పుడు నేనొక స్వభావోక్తి రాస్తాను, చూడు. నాకు భయమేసిందిరా. ఆ పట్టు కరవకపోయి ఉంటే నాకు తమ్ముడు లేడు. ఇక్కడ అక్షరాలు గుండ్రంగా రాలేదు, అయినా తిరగరాయను.

పరీక్ష రాస్తే రాయి, మానేస్తే మానెయ్యి. నా పరువు సంగతి వదిలెయ్, అది మందుల షాపులోనే పోయింది. కానీ రెండు పనులు చెయ్యి. మీ ఆవిడకి చెప్పు. మీ ఇన్‌చార్జికి చెప్పు. ఆ పొడుగాయన మంచివాడే, కానీ రిజిస్టరులో ఆయన రాసేది కూడా అబద్ధమే కదా. జోకులేవీ కలపకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పు. నాకు చెప్పినట్టే. నాకంటే వాళ్ళు బాగా వింటారు, నాదీ పూచీ.

నీ అక్క


ఆగస్టు 14

అక్కా,

నువ్వు "నాన్నా" అని మొదలెట్టేసరికే ఎవరో పోయారనుకున్నాను. ఇంకెప్పుడూ అలా పిలవకు, మామూలుగా ఒరేయ్ అను.

మా ఆవిడకి చెప్పాను. ఎలా మొదలెట్టాలో తెలియక నువ్వు దిద్దిన కాగితం ఆవిడ చేతికిచ్చాను. ఉత్తరాలు పైకి చదివే మనిషి కదా, ఇది మాత్రం లోపలే చదువుకుంది. చదివి, "మెట్లెక్కుతున్నది పొట్ట తగ్గడానికని నేను ఊరంతా చెప్పాను" అంది. తర్వాత, "పొట్ట ఎందుకు తగ్గట్లేదో ఇప్పుడర్థమైంది, మనిషి మనసు పెట్టి ఎక్కట్లేదు" అంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళింది, కుళాయి తిప్పింది, చాలాసేపు కట్టెయ్యలేదు. నేను వెళ్ళి కట్టేశాను. నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను అక్కా. మే నెల నుంచి ఆగి ఉన్నది.

ఇన్‌చార్జి దగ్గరికి సోమవారం వెళ్ళాను. నాలుగు వాక్యాలు ముందే కాగితం మీద రాసుకుని, ఎక్కడైనా "లా" ఉందేమో చూసుకుని, లేదని తేలాక వెళ్ళాను. ఆయన విన్నాడు. కొత్త చెప్పే, కానీ ఆరోజు కరవలేదు. "ఈ ముక్క మేలోనే చెప్పాల్సింది, రిజిస్టరులో అబద్ధం రాసినందుకు ఇద్దరికీ మెమో ఇస్తాను" అన్నాడు, ఇచ్చాడు. ఇచ్చి, ప్రస్తుతానికి నన్ను వర్క్‌షాపులో కూర్చోబెట్టాడు, పాడైన కంట్రోల్ బోర్డులు విప్పి బాగుచేసే బల్ల దగ్గర. సూపర్‌వైజరు సంగతి సర్టిఫికెట్ వచ్చాక మాట్లాడదామన్నాడు. ఇలా భయం పట్టుకున్నవాళ్ళకి సాయం చేసే డాక్టరు ఒకావిడ ఉన్నారని చీటీ కూడా రాసిచ్చాడు. పొడుగాయన తన మెమో చూసుకుని, "రిటైరయ్యే ముందు ఇదొక్కటే తక్కువైంది, గోడకి తగిలించుకుంటా" అన్నాడు.

పరీక్షకి కూర్చుంటున్నాను. కుర్చీ కోసం సగం, నువ్వు వేసిన సున్నా మీద కోపంతో సగం.

తమ్ముడు


సెప్టెంబరు 27

అక్కా,

ముందు విషయం. పాసయ్యాను. అలంకారాల్లో పన్నెండుకి పదిన్నర. స్వభావోక్తికి సొంత ఉదాహరణ అడిగారు. నువ్వు సున్నా వేసిందే రాశాను, ఒక్క మాటా మార్చలేదు. పూర్తి మార్కులు వేశారు. ఈ ముక్క నీ నోటుబుక్కులో ఎక్కించుకో.

సూపర్‌వైజరు కుర్చీ రాలేదు. మెమో ఉన్నవాడికి ఏడాది దాకా ఇవ్వరట. వర్క్‌షాపు బల్లే నాకు ఇచ్చేశారు. బాధేసిందని రాయాలి, వేసింది, రెండు రోజులు. మూడోరోజు ఎవరి వల్లా కాని బోర్డు ఒకటి నా చేతిలో పలికింది. డాక్టరమ్మ దగ్గరికి వారానికోసారి వెళ్తున్నాను. మాట్లాడమంటారు. మాట్లాడేటప్పుడు జోకు వేస్తే నవ్వుతారు, నవ్వేశాక "ఇప్పుడు చెప్పండి" అంటారు. నీకంటే కఠినం.

నీ ఆగస్టు ఐదు ఉత్తరం దిద్ది, దీనితో పాటు తిప్పి పంపుతున్నాను. వర్క్‌షాపులో వైర్లకి గుర్తులు పెట్టే ఆకుపచ్చ పెన్ను దొరికింది. మార్కులు ఇలా ఉన్నాయి.

"నా పరువు మందుల షాపులోనే పోయింది": అతిశయోక్తే, ఆ షాపతను ఇంకా ఎవరికీ చెప్పి ఉండడు. ఒకటి.

"నాకంటే మొద్దు ఇంకోటి లేదు": స్వభావోక్తి అనుకుని రెండు వెయ్యబోయాను. మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. వదినగార్ని అలా అంటే ఊరుకోనంది. మీ ఇద్దరూ ఎప్పుడు ఒకటయ్యారో నాకు తెలియదు. కొట్టేశాను.

"నాకు భయమేసిందిరా": స్వభావోక్తి. రెండుకి రెండు. చదివినప్పుడల్లా ఇంకో రెండు వెయ్యాలనిపిస్తోంది.

ఇక నాకు రావాల్సింది ఒకటుంది. జూలై ఇరవైన నువ్వు అర మార్కు కోశావు, లోపలి అర్థం రాయలేదని. ఇదిగో, ఇప్పుడు రాస్తున్నాను. లిఫ్టు మెకానిక్ మెట్లెక్కాడు, ఎందుకంటే వాడికి భయమేసింది. భయమేసిందని చెప్పడానికి ఇంకా భయమేసింది. ఇప్పుడు చెప్పాడు.

నా అర మార్కు నాకు పంపించు. అటక మీంచి ఆ సీసా దింపి, ఎర్ర సిరాతోనే వెయ్యి.

నీ తమ్ముడు
ఏడో అంతస్తు
(ఇవాళ మా ఆవిడ చెయ్యి పట్టుకుని మూడో అంతస్తు దాకా లిఫ్టులో వచ్చాను. ఆ పైన మెట్లే.)